ఊరి ప్రణాళిక ముందు ఏ పుస్తకంలో రాస్తారు? పెద్దమనుషులు, వీడీసీలు, గ్రామ పంచాయతీ

పీహెచ్‌డీ ఫీల్డ్‌వర్క్ కోసం నిజామాబాద్ జిల్లాలో ఒక ఊరికి చాలాసార్లు వెళ్లాను. ఊరి పేరు రాయడం లేదు. నాతో మాట్లాడినవాళ్లు ఇంకా అక్కడే బతకాలి. ఆ ఊళ్లో రెండు పుస్తకాలు చూశాను. ఒకటి పంచాయతీ కార్యదర్శి బీరువాలో ఉండే గ్రామసభ రిజిస్టరు. దాంట్లో తేదీ, ఎజెండా, తీర్మానం, కింద వరసగా సంతకాలు, వేలిముద్రలు ఉన్నాయి. రెండోది గ్రామాభివృద్ధి కమిటీ, అంటే జనం నోట్లో ‘వీడీసీ’, రాసుకునే అట్ట పుస్తకం. దాంట్లో కల్లు దుకాణం ఎవరు ఎంతకు పాడారు, బెల్టు షాపు ఎవరికి పోయింది, కోడిమాంసం అమ్ముకునే హక్కు ఎవరిది, ఎవరి మీద ఎంత దండుగ పడింది, గుడి ప్రాకారానికి ఎన్ని బస్తాల సిమెంటు వచ్చింది అని ఉంది.

రెండింటినీ పక్కపక్కన పెట్టి తేదీలు చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. ఊళ్లో ముఖ్యమైన పని ఏదైనా ముందు రెండో పుస్తకంలో కనిపిస్తుంది. నెలకో రెండు నెలలకో అదే పని మొదటి పుస్తకంలోకి వస్తుంది, ‘గ్రామసభ ఏకగ్రీవంగా తీర్మానించడమైనది’ అన్న మాటతో.

ఆ ఊరి సర్పంచు దళిత మహిళ. రిజర్వేషన్ వచ్చింది కాబట్టి గెలిచింది. ప్రణాళిక గురించి అడిగితే ఆమె చెప్పింది ఇంతే: “వాళ్లు అనుకునేది వాళ్లు అనుకుంటరు బిడ్డా. నాకు సంతకానికి పంపుతరు. పనేందో పని మొదలైనంక తెలుస్తది.”

రాజ్యాంగం ప్రకారం గ్రామ ప్రణాళిక వేయాల్సింది పంచాయతీ. ఊరి లెక్క ప్రకారం వేసేది ‘పెద్దమనుషులు’. ఈ రెండింటి మధ్య సంబంధం ఎలా ఏర్పడింది, ఎలా నడుస్తోంది, చట్టం ఏమంటుంది అన్నదే ఈ వ్యాసం.

పటేలు, పట్వారీ, కరణం, మునసబు

పెద్దరికం ఆకాశం నుంచి ఊడిపడింది కాదు, దానికి కాగితాలున్నాయి. నిజాం రాజ్యంలోని తెలంగాణ గ్రామంలో శిస్తు వసూలుకు మాలీ పటేలు, శాంతిభద్రతలకు పోలీసు పటేలు, లెక్కలకు పట్వారీ ఉండేవాళ్లు. ఆంధ్ర ప్రాంతంలో మునసబు, కరణం. వంశపారంపర్యంగా వచ్చే ఈ పదవులు దాదాపుగా రెడ్డి, వెలమ, కమ్మ, బ్రాహ్మణ కుటుంబాల చేతుల్లో ఉండేవి. కింద అదే వ్యవస్థలో నీరటి, తలారి, బేగారి పనులుండేవి. అవీ వంశపారంపర్యమే. కాకపోతే వాటి మీద ఉన్నది మాల, మాదిగ కుటుంబాలు, వాటితో వచ్చేది అధికారం కాదు, వెట్టి. పైవాడి కొడుక్కి పుస్తకం దక్కేది, కిందివాడి కొడుక్కి ఆ పుస్తకం మోసే పని దక్కేది.

మద్రాసు రాష్ట్రంలో దీన్ని 1895 నాటి వంశపారంపర్య గ్రామ పదవుల చట్టం చట్టబద్ధం చేసింది. రాజ్యాంగం వచ్చాక కూడా అది కొనసాగింది. గుంటూరు జిల్లాలో కొత్తగా ఏర్పడిన ఒక గ్రామానికి మునసబు ఎవరన్న తగాదా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. పాత మునసబు కుటుంబానికి చెందినవాడన్న కారణంతో ఒకరికి ప్రాధాన్యం ఇవ్వడం రాజ్యాంగంలోని 16(2) అధికరణానికి విరుద్ధమని గాజుల దశరథరామారావు కేసులో కోర్టు తేల్చింది. తీర్పు 1960 డిసెంబరులో వచ్చింది. అయినా పదవులు పోలేదు. 1984 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి పార్ట్‌టైమ్ గ్రామాధికారుల పోస్టులను రద్దు చేసింది. 1985లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది.

ఇంతకు చాలా ముందే, 1928లో, బొంబాయి శాసనమండలిలో అంబేడ్కర్ మహర్ వతన్ మీద బిల్లు పెట్టారు. వంశపారంపర్య సేవ కులాన్ని ఊరికి కట్టేస్తుందన్నది ఆయన వాదన. అదే మండలిలో 1932లో గ్రామ పంచాయతీ బిల్లు వచ్చినప్పుడు, అణగారిన వర్గాలకు ప్రత్యేక ప్రాతినిధ్యం లేకుండా ఊరి పెద్దల చేతికి అధికారం ఇవ్వడాన్ని వ్యతిరేకించారు. 1948 నవంబరు 4న ముసాయిదా రాజ్యాంగాన్ని ప్రవేశపెడుతూ ఆయన గ్రామం గురించి అన్న మాటలు మనకు కంఠతా వచ్చినవే. ఆ తర్వాత మూడు వారాలు కాకముందే పంచాయతీల గురించిన 40వ అధికరణం సవరణగా వచ్చి చేరింది. ఆయన దాన్ని అంగీకరించారు. ఆ రెండింటికీ మధ్య ఉన్న ఉద్రిక్తత ఇప్పటికీ పరిష్కారం కాలేదు. మనం చూస్తున్న వీడీసీ దాని మీదే నిలబడింది.

1984లో పోయింది పదవి. పటేలు ఇంటి భూమి పోలేదు, ట్రాక్టరు పోలేదు, అప్పు ఇచ్చే చెయ్యి పోలేదు.

చట్టం చెప్పే ప్రణాళిక

1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీకి రెండు కొత్త విషయాలిచ్చింది. 243డి అధికరణం ఎస్సీ, ఎస్టీలకు జనాభా ప్రకారం, మహిళలకు మూడో వంతుకు తగ్గకుండా స్థానాలు ఇచ్చింది. 243జి అధికరణం ఆర్థికాభివృద్ధి, సామాజిక న్యాయం కోసం ప్రణాళికలు తయారుచేసే అధికారాన్ని ఇచ్చింది. ‘సామాజిక న్యాయం’ అన్న మాట 243జిలోనే ఉంది. రోడ్డు, డ్రైనేజీ మాత్రమే ప్రణాళిక అనుకునే అధికారులకు దీన్ని చూపించాలి.

2015 నుంచి, 14వ ఆర్థిక సంఘం నిధులు నేరుగా గ్రామ పంచాయతీలకు రావడం మొదలయ్యాక, ప్రతి పంచాయతీ ఏటా గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళిక వేయడం తప్పనిసరైంది. దీన్నే జీపీడీపీ అంటున్నాం. 15వ ఆర్థిక సంఘం 2021 నుంచి ఈ నిధుల్లో 60 శాతాన్ని తాగునీరు, పారిశుధ్యానికి కట్టిపడేసింది. మిగిలిన 40 శాతం మీదే ఊరికి నిర్ణయాధికారం. 2020లో వచ్చిన ఈ-గ్రామ్ స్వరాజ్ పోర్టల్‌లో ప్రతి ఊరి ప్రణాళిక ఎవరైనా చూడొచ్చు. తెలంగాణలో 2014లో ‘మన ఊరు – మన ప్రణాళిక’, 2015లో ‘గ్రామజ్యోతి’, 2019లో ‘పల్లె ప్రగతి’ వచ్చాయి. 2018 పంచాయతీరాజ్ చట్టం గ్రామసభ రెండు నెలలకోసారి జరగాలంది.

ఆ చట్టమే ఇంకో పనీ చేసింది. చెక్కు మీద సర్పంచుతో పాటు ఉపసర్పంచు సంతకం కూడా ఉండాలంది. సర్పంచు పదవికి రిజర్వేషన్ ఉంది, ఉపసర్పంచు పదవికి లేదు. వార్డు సభ్యులు తమలో నుంచి ఎన్నుకుంటారు. దళిత సర్పంచు ఉన్న ఊళ్లో ఉపసర్పంచుగా ఎవరొస్తారో చెప్పడానికి పరిశోధన అక్కర్లేదు. ఖర్చు మీద తనిఖీ కోసమని పెట్టిన ఈ నిబంధన చాలా ఊళ్లలో పాత పటేలు సంతకాన్ని కొత్త రూపంలో వెనక్కి తెచ్చిందని నా అభిప్రాయం.

వీడీసీ ఎలా పనిచేస్తుంది

నిజామాబాద్, నిర్మల్, జగిత్యాల, కామారెడ్డి జిల్లాల్లో వీడీసీ లేని ఊరు వెతకడం కష్టం. కొన్నిచోట్ల సర్వసమాజ్ అంటారు. ఊళ్లో ఉన్న ప్రతి కులం నుంచి ఒకరినో ఇద్దరినో తీసుకుంటారు. చూడ్డానికి ఇది పంచాయతీ పాలకవర్గం కంటే ‘అన్ని కులాలదీ’ లాగే ఉంటుంది. కాని ఎవరిని తీసుకోవాలో నిర్ణయించేది భూమి ఉన్న కులాలు. మాలవాడ నుంచి, మాదిగవాడ నుంచి వచ్చే సభ్యుడు ఎక్కువగా వాళ్ల దగ్గర పాలేరుగానో కౌలుకో ఉన్న ఇంటివాడు. రేపు ఆ వాడ మీదే తీర్మానం జరిగితే “మీవాళ్లూ సంతకం పెట్టారు” అని చెప్పడానికి ఆ ఒక్క సంతకం సరిపోతుంది.

డబ్బు వేలం ద్వారా వస్తుంది. కల్లు, బెల్టు షాపు, మాంసం, కొన్నిచోట్ల వాగు ఇసుక. వీటిలో బెల్టు షాపు అసలు చట్టవిరుద్ధం. అంటే లేని హక్కును వేలం వేసి డబ్బు తీసుకుంటున్నారు. దండుగలు అదనం. గల్ఫ్‌లో ఉన్నవాళ్ల నుంచి గుడికీ, కమ్యూనిటీ హాలుకూ చందాలు వస్తాయి. ఇవ్వనివాడి ఇంట్లో ముసలి తల్లిదండ్రులు ఊళ్లోనే ఉంటారు కాబట్టి ఇవ్వకుండా ఉండేవాళ్లు తక్కువ.

వీడీసీలను వెనకేసుకొచ్చేవాళ్లు చెప్పే మాటలో కొంత నిజం ఉంది. ప్రభుత్వ నిధులు ఏళ్ల తరబడి రానప్పుడు బోరు మోటారు బాగు చేయించింది వీడీసీ. బడికి విద్యా వాలంటీరు జీతం ఇచ్చింది వీడీసీ. 2024 ఫిబ్రవరిలో సర్పంచుల పదవీకాలం ముగిసి ప్రత్యేకాధికారులు వచ్చాక, నాలుగైదు ఊళ్లకు ఒక అధికారి ఉన్న చోట వీధిలైటు కోసం జనం వెళ్లింది వీడీసీ దగ్గరికే. దళితవాడలో కూడా “వాళ్లు లేకపోతే పని కాదు” అన్నవాళ్లు నాకు దొరికారు. వాళ్లను అమాయకులని కొట్టిపారేయడం మన తప్పు. వాళ్లు చూసింది చెప్తున్నారు. అయితే ఆ బోరు ఎక్కడ వేశారు, ఆ సీసీ రోడ్డు ఏ మలుపు దగ్గర ఆగిపోయింది అని రెండో ప్రశ్న వేస్తే వాళ్లే నవ్వుతారు.

ప్రణాళికలో పెద్దల చెయ్యి ఎక్కువగా కనిపించేది డబ్బు దగ్గర కాదు, స్థలం దగ్గర. పల్లె ప్రగతిలో ప్రతి ఊరికీ వైకుంఠధామం, డంపింగ్ యార్డు, ప్రకృతి వనం కావాలన్నారు. రైతు వేదికలు కావాలన్నారు. జాగా ఎక్కడిది? పట్టా భూమి ఎవరూ ఇవ్వరు. చూపించేది దళితులకు ఎప్పుడో ఇచ్చిన అసైన్డు భూమి, ఇనాం భూమి. ‘ప్రభుత్వ భూమి ఖాళీగా ఉంది’ అని గ్రామసభ తీర్మానం రాసేస్తే ముప్పై నలభై ఏళ్లుగా దున్నుకుంటున్న మనిషి కాగితం మీద మాయమవుతాడు. 2020లో సిద్దిపేట జిల్లాలో ఒక దళిత రైతు రైతు వేదిక కోసం తన 13 గుంటలు తీసుకున్నారన్న వేదనతో ప్రాణం తీసుకున్నాడని కుటుంబం చెప్పింది. ప్రణాళిక అనే మాట వినగానే మనకు పై నుంచి వచ్చే పథకమే గుర్తొస్తుంది. ఆ పథకం ఎవరి చెలకలో దిగాలో చూపించే వేలు ఊళ్లోదే.

డంపింగ్ యార్డు దళితవాడ పక్కన, వైకుంఠధామం వాళ్లకు అందనంత దూరంలో. ఈ రెండింటి మ్యాపు గీస్తే చాలు, ఆ ఊరి కుల చరిత్ర సగం తెలుస్తుంది. విద్యార్థి మిత్రులకు ఇది నా సలహా కూడా.

మాట వినకపోతే

పెద్దల మాటకు బలం చట్టం నుంచి రాదు, బహిష్కరణ నుంచి వస్తుంది. కూలికి పిలవరు, కౌలు భూమి వెనక్కి తీసుకుంటారు, కిరాణా దుకాణంలో సరుకు ఇవ్వరు, హోటల్లో చాయ్ పోయరు. మాట్లాడినవాడికి దండుగ. ఇది ఊరికి తెలియాలి కాబట్టి చాటింపు వేయిస్తారు. డప్పు కొట్టాల్సింది ఎవరో వేరే చెప్పనవసరం లేదు. తన వాడను వెలివేశారన్న వార్తను తానే కొట్టి చెప్పాల్సి వచ్చిన ఒక పెద్దాయన నాతో ఆ రోజు గురించి మాట్లాడుతూ డప్పు గురించే ఎక్కువ మాట్లాడాడు. అది ఎంత సేపు కాగబెట్టినా పలకలేదన్నాడు.

ఇది తెలంగాణకే పరిమితమైన జబ్బు కాదు. 1991 ఆగస్టు 6 నాటి చుండూరు మారణకాండకు ముందు వారాల తరబడి నడిచింది సామాజిక బహిష్కరణే. 2017లో పశ్చిమ గోదావరి జిల్లా గరగపర్రులో అంబేడ్కర్ విగ్రహం ఊరి మధ్యలో పెట్టినందుకు దళితుల కౌళ్లు, కూలి పనులు ఆపేశారు. తమిళనాడులో మేలవలవు పంచాయతీ ఎస్సీ రిజర్వు అయినందుకు 1997 జూన్‌లో అధ్యక్షుడు మురుగేశన్‌నూ, ఆయనతో ఉన్న మరికొందరినీ బస్సు ఆపి నరికి చంపారు. అక్కడికి దగ్గర్లోని పాప్పాపట్టి, కీరిపట్టి వంటి రిజర్వుడు పంచాయతీలను 1996 నుంచి పదేళ్లపాటు నడవనివ్వలేదు. ఎవరైనా గెలిస్తే వెంటనే రాజీనామా చేయించేవాళ్లు.

మన దగ్గర అంత రక్తం లేకుండానే అదే పని ‘ఏకగ్రీవం’ పేరుతో జరుగుతుంది. సర్పంచు పదవిని గుడి దగ్గర వేలం వేస్తారు, లేదా పెద్దలు ఒక పేరు చెప్తారు. రిజర్వుడు స్థానమైతే తమ దగ్గర పనిచేసే మనిషి పేరు. ప్రభుత్వాలు దీనికి బహుమతి కూడా ఇచ్చాయి. 2021 పంచాయతీ ఎన్నికల్లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఏకగ్రీవ పంచాయతీలకు జనాభాను బట్టి 5 లక్షల నుంచి 20 లక్షల రూపాయల దాకా ప్రకటించింది. నామినేషన్ వేయాలనుకున్న దళిత యువకుణ్ణి “నీ వల్ల ఊరికి లక్షలు పోతున్నాయి” అని నిలదీయడానికి ఇంతకంటే ఆయుధం ఏం కావాలి?

రెండు పోలికలు

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ‘సంప్రదాయ పెద్ద’ అన్నవాళ్లందరినీ ఒకే గాటన కట్టలేం. ఐదో షెడ్యూలు ప్రాంతంలో 1996 నాటి పెసా చట్టం ఆదివాసీ గ్రామసభకు తన సంప్రదాయాలను, వనరులను, తగవులు తీర్చుకునే పద్ధతిని కాపాడుకునే హక్కు ఇచ్చింది. ఆదిలాబాద్ గోండు గూడేల్లో పట్ల, రాయి సెంటర్లు ఆ సమాజం లోపలి నుంచి వచ్చినవి. వాటి మీదా విమర్శ ఉండొచ్చు, ముఖ్యంగా మహిళల స్థానం గురించి. కాని భూమి ఉన్న కులాలు భూమి లేని కులాల మీద నడిపే వీడీసీకి పెసా భాషను అరువిచ్చి ‘ఇదీ మన సంప్రదాయమే’ అనడం మోసం.

దక్షిణాఫ్రికా ఇంకో దారి పట్టింది. అక్కడి 1998 మునిసిపల్ స్ట్రక్చర్స్ చట్టం 81వ సెక్షన్ సంప్రదాయ నాయకులను మునిసిపల్ కౌన్సిల్లో కూర్చోనిచ్చింది. కౌన్సిలర్ల సంఖ్యలో 20 శాతానికి మించకూడదు, ఓటు ఉండదు. అక్కడా గొడవలు తీరలేదు. సంప్రదాయ నాయకత్వం మీద 2019లో చేసిన కొత్త చట్టాన్ని, ప్రజల అభిప్రాయం సరిగా తీసుకోలేదని 2023లో రాజ్యాంగ న్యాయస్థానం చెల్లదంది. అయినా అక్కడి పెద్ద ఎవరో, ఎక్కడ కూర్చుంటాడో, ఏం చేయకూడదో కాగితం మీద ఉంది. మన దగ్గర కాగితం మీద పెద్ద లేడు, ఊళ్లో మాత్రం ఓటు కంటే ఎక్కువే ఉంది. గుర్తింపు ఇవ్వమని నేను అనడం లేదు. ఇస్తే 1895కు వెళ్లినట్టే. కాని ‘చట్టంలో లేదు కాబట్టి మా పరిధిలోకి రాదు’ అనే ఎంపీడీవోల మాట చెల్లదని చెప్తున్నాను.

చేతిలో ఉన్న చట్టం

2016 జనవరి 26న అమల్లోకి వచ్చిన సవరణ తర్వాత ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టంలో ఈ విషయానికి నేరుగా తగిలే సెక్షన్లున్నాయి. 3(1)(ఎల్) నామినేషన్, ఓటు అడ్డుకోవడం గురించి. 3(1)(ఎం) ఎస్సీ, ఎస్టీ సర్పంచునో సభ్యుణ్ణో విధులు చేయనివ్వకపోవడం, బెదిరించడం గురించి. 3(1)(జెడ్‌ఏ) ఉమ్మడి వనరులు, శ్మశానం, బావి, దారి వాడుకోనివ్వకపోవడం గురించి. 3(1)(జెడ్‌సి) సామాజిక, ఆర్థిక బహిష్కరణ విధించడం, విధిస్తామని బెదిరించడం గురించి. ఆరు నెలలకు తగ్గకుండా ఐదేళ్ల దాకా శిక్ష. విధి నిర్వహణలో నిర్లక్ష్యం చేసిన అధికారికి 4వ సెక్షన్ వర్తిస్తుంది.

నేను చూసిన ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం జెడ్‌సి దగ్గర ఆగుతాయి. ఎం వాడడం చాలా అరుదు. దళిత సర్పంచు తీర్మానం పుస్తకాన్ని ఇంటికి పంపించి సంతకం చేయించుకోవడం, సంతకం పెట్టకపోతే ఇంటికి నీళ్లు ఆపేస్తామనడం స్పష్టంగా ఆ సెక్షన్ కిందికే వస్తాయి. దండుగ వసూలును భారతీయ న్యాయ సంహిత 308వ సెక్షన్ కింద బలవంతపు వసూలుగా చూడొచ్చు. కుల పంచాయతీల గురించి 2011లో అరుముగం సెర్వై కేసులో సుప్రీంకోర్టు, ఖాప్ అయినా కట్ట పంచాయతీ అయినా పూర్తిగా చట్టవిరుద్ధమని, వాటిని ఆపలేని అధికారుల మీద చర్య తీసుకోవాలని చెప్పింది.

ఒక ఖాళీ మాత్రం ఉంది. వీడీసీల బహిష్కరణ దెబ్బ తినేది దళితులే కాదు. వేలం ధరకు ఒప్పుకోని గౌడ కుటుంబాలు, రేటు పెంచమన్న మంగలి, చాకలి కుటుంబాలు కూడా. వాళ్లకు అత్యాచారాల చట్టం వర్తించదు. సామాజిక బహిష్కరణను కులంతో సంబంధం లేకుండా నేరం చేస్తూ మొదట చట్టం తెచ్చింది మహారాష్ట్ర. 2016లో సభ ఆమోదించింది, 2017లో అమల్లోకి వచ్చింది. తెలుగు రాష్ట్రాల్లో అలాంటి చట్టం కోసం అడగాలంటే ఆ కులాలతో కలిసి అడగాలి. అది చెప్పినంత తేలిక కాదని నాకు తెలుసు. నిన్న మన బహిష్కరణ తీర్మానం మీద సంతకం పెట్టినవాళ్లే వాళ్లలో ఉంటారు.

ఊళ్లో పనిచేసేవాళ్లకు చివరగా కొన్ని ఆచరణ విషయాలు. గ్రామసభ తీర్మానం నకలును సమాచార హక్కు చట్టం కింద అడగండి, హాజరు పట్టీతో సహా. ఆ రోజు కూలికి పోయినవాళ్ల సంతకాలు దాంట్లో ఉంటే అదే మీ సాక్ష్యం, ఉపాధి హామీ మస్టర్‌తో పోల్చండి. ఈ-గ్రామ్ స్వరాజ్‌లో ఉన్న ప్రణాళికను ప్రింటు తీసి వాడలో చదివి వినిపించండి. ఏ పని ఏ సర్వే నంబరులో అని అడగండి, పేరు చాలదు. గ్రామసభ గుడి దగ్గర పెడితే స్థలం మార్చమని ముందే రాతపూర్వకంగా కోరండి, రసీదు తీసుకోండి. నెల 30న జరపాల్సిన పౌరహక్కుల దినం మీ ఊళ్లో జరిగిందా, తహసీల్దారు, ఎస్సై వచ్చారా, ఏం రాసుకున్నారు అన్నది అడగండి. మూడు నెలలకోసారి కూర్చోవాల్సిన జిల్లా విజిలెన్స్, మానిటరింగ్ కమిటీకి ఆ కాగితాలన్నీ పంపండి. వీడీసీ చాటింపు వేస్తే ఫోనులో రికార్డు చేయండి. డప్పు కొట్టిన మనిషిని నిందితుల జాబితాలో రాయకండి, సాక్షుల జాబితాలో రాయండి.